సినిమా అర్థం కాని ఉద్యోగి

నాగూరుపేటలోని జిల్లా రికార్డుల కార్యాలయంలో పొట్నూరు సన్యాసిరావు ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆ ఇరవై రెండేళ్లలో ఆయన మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. సర్వీసు పుస్తకంలో ఒక్క ఎర్ర సిరా గీత పడలేదు. మొదటి మెమో ఒక సినిమా మూలంగా వచ్చింది.

జిల్లాలో పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, భూములు కొన్నవాళ్లు, అమ్ముకున్నవాళ్లు, అందరి వివరాలూ ఆ కార్యాలయంలో కట్టలు కట్టలుగా ఉంటాయి. ఎవరికైనా నకలు కావలసివస్తే సన్యాసిరావు మూల రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, చేత్తో నకలు రాసి, కింద "సరిచూడడమైనది" అని సంతకం పెట్టేవాడు. ఆ సంతకం ఉంటే బడిలో చేర్చుకునేవారు, కోర్టులో నమ్మేవారు, పెళ్లిళ్ల దగ్గర వయసు గురించి వాదన వస్తే ఆపేసేవారు. ఆయన మాత్రం ఆ సంతకం గురించి పెద్దగా ఆలోచించలేదు. రాసింది ఒకటికి రెండుసార్లు చూసుకోవడం, చూసిందే రాయడం ఆయనకు అలవాటు. అంతకు మించిన తెలివితేటలు తనకు ఉన్నాయని ఎన్నడూ అనుకోలేదు.

ఏటా పైనుంచి అప్రమత్తతా పక్షోత్సవం జరపమని ఉత్తర్వు వస్తుంది. మామూలుగా ఆ పదిహేను రోజుల్లో ఒక ప్రతిజ్ఞ, ఒక వ్యాసరచన పోటీ, చివర్న టీ బిస్కట్లు ఉండేవి. ఆ ఏడు కొత్తగా ఉపసంచాలకులై వచ్చిన ద్విభాష్యం త్రిపురాంతకం గారు మాత్రం కొత్తగా ఏదైనా చేయాలనుకున్నారు. ఆదివారం ఫస్టు షోకి కుటుంబంతో సినిమాకి వెళ్లారు. సోమవారం పదిన్నరకల్లా సర్క్యులరు టైపయింది.

"ఇందుమూలముగా సిబ్బంది యావన్మందికి తెలియజేయునది ఏమనగా, స్థానిక జయభేరి టాకీసునందు ప్రదర్శింపబడుచున్న 'ముసుగు మీద ముసుగు' అను గూఢచారి చిత్రము ప్రభుత్వ రహస్యముల పరిరక్షణ విషయమై మిక్కిలి బోధనాత్మకముగా ఉన్నందున, పక్షోత్సవములలో భాగముగా సిబ్బంది అంతయు సదరు చిత్రమును వీక్షించి, నిర్ణీత నమూనాలో తమ అభిప్రాయమును సమర్పించవలెను. అభిప్రాయములు స్వేచ్ఛగా ఉండవచ్చును. నమూనా దాటి ఉండరాదు."

అందరూ ఒకేసారి వెళితే కార్యాలయం బోసిపోతుందని విభాగాలవారీగా పంపారు. జననాల విభాగానికి మ్యాట్నీ, భూముల విభాగానికి ఫస్టు షో, మరణాల విభాగానికి సెకండు షో. సన్యాసిరావు మాత్రం ఆ సినిమా విడుదలైన రోజునే పొద్దుటాట చూసేశాడు. బావమరిది టిక్కెట్టు కొని, తీరా జ్వరం తగిలి, ఈయన చేతిలో పెట్టాడు. ఆ సంగతి రాసుకుంటే, "ఇదివరకే వీక్షించినందున మినహాయింపు ఇవ్వడమైనది, అభిప్రాయమునకు మినహాయింపు లేదు" అని జవాబొచ్చింది.

నమూనాలో మూడే ప్రశ్నలు. చిత్రమును వీక్షించితిరా. మెలకువగా వీక్షించితిరా. కథ అర్థమైనదా. మూడో ప్రశ్నకి ఎదురుగా రెండు జవాబులు అచ్చయి ఉన్నాయి. ఒకటి "అవును", రెండోది "పూర్తిగా అవును". వర్తించనిది కొట్టివేయమన్నారు.

సన్యాసిరావు చాలాసేపు ఆ కాగితం ముందు కూర్చున్నాడు. తర్వాత రెండూ కొట్టేసి, పక్కన గుండ్రటి అక్షరాలతో "అర్థం కాలేదు" అని రాసి, సంతకం పెట్టి, అలవాటు కొద్దీ కింద "సరిచూడడమైనది" అని కూడా చేర్చాడు.

మధ్యాహ్నం సూపరింటెండెంటు భుజంగరావు గారు ఆ కాగితం పట్టుకుని రికార్డు గదిలోకి వచ్చారు.

"ఒంట్లో బాగాలేదా సన్యాసిరావూ?"

"బాగానే ఉందండి."

"మరి ఇదేంటయ్యా?"

"అర్థం కాలేదండి. అదే రాశాను."

"ఆఫీసులో నలభై ఒక్కమందికి అర్థమైంది. అటెండరు గున్నయ్యకి పూర్తిగా అర్థమైంది. అతనికి మూడో ప్రశ్న చదవడం రాదు, అయినా అర్థమైంది." భుజంగరావు గారు గొంతు తగ్గించారు. "ఒక్క గీత చాలు. 'అవును' ఉంచు. నిన్ను పూర్తిగా అనమని ఎవరూ అడగడం లేదు."

"అర్థమైందని సంతకం పెడితేనండి, రేపు ఎవరైనా వచ్చి కథ చెప్పమంటే చెప్పాలి కదండి."

"ఎవరడుగుతారు?"

"ఇరవై రెండేళ్లుగా అదే పనండి. ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు."

భుజంగరావు గారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మళ్లీ బయటికి తీశారు. కార్యాలయంలో నలభై రెండు నమూనాలు పంపిణీ అయ్యాయి, నలభై రెండూ పైకి వెళ్లాలి. వెళ్లాయి.

మర్నాడు త్రిపురాంతకం గారు సన్యాసిరావుని గదికి పిలిపించారు. కూర్చోమనలేదు.

"ఆ చిత్రంలో మీకు అర్థం కాని భాగము ఏది?"

"రహస్య పటం ఉంది కదండి, జలాంతర్గాములది. అది శత్రువుల చేతికి ఎలా వెళ్లిందో అర్థం కాలేదండి."

"హీరో ఇచ్చాడు. స్వయంగా వెళ్లి, చేతిలో పెట్టాడు. క్షేత్రస్థాయి ఉద్యోగి పై అధికారి అనుమతి లేకుండా వ్యవహరిస్తే ఏమవుతుందో ఆ చిత్రం చెబుతోంది. హీరోయే ద్రోహి. ఇందులో సందేహానికి తావెక్కడ?"

"ఇచ్చాడండి. కానీ ఇవ్వమని వాళ్ల చీఫే చెప్పాడు కదండి. లైటుహౌసులో. దొంగ పటం ఇవ్వమని."

"ఏ లైటుహౌసు?"

"సముద్రం పక్కనండి."

"ఆ చిత్రంలో లైటుహౌసు లేదు," అన్నారు త్రిపురాంతకం గారు. తర్వాత ఫైలు మూస్తూ, "మీరు లేనివి చూస్తున్నారు, ఉన్నవి గ్రహించలేకపోతున్నారు. ఇది వ్యక్తిగత బలహీనత అయితే నేను పట్టించుకునేవాడిని కాదు. కానీ మీరు నకళ్లు ధ్రువీకరించే ఉద్యోగి," అన్నారు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. మూడు గంటల చలనచిత్రమును అర్థము చేసుకొనజాలని ఉద్యోగి, ముప్పది పుటల దస్త్రమును అర్థము చేసుకొనెనని భావించుటకు ఆధారము లేనందున, శ్రీ సన్యాసిరావు గత ఇరువది రెండు సంవత్సరములలో ధ్రువీకరించిన సమస్త నకళ్లను తదుపరి ఉత్తర్వుల వరకు అనుమానాస్పదముగా పరిగణించవలెను అని అందులో ఉంది. దాని ప్రతులు బడులకీ, ఆసుపత్రికీ, కోర్టుకీ, రిజిస్ట్రారు గారికీ వెళ్లాయి.

వారం తిరక్కుండా ఫలితాలు కనిపించాయి. ఊళ్లోని ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి మొత్తం ఇంకా పుట్టలేదని తేలింది. హెడ్మాస్టరు గారు వాళ్లను గైరుహాజరు కింద వేయాలా, హాజరు కింద వేయాలా అని పైకి రాసి జవాబు కోసం ఎదురుచూస్తూ పాఠాలు ఆపేశారు. ఒక పెద్దమనిషి మరణ ధ్రువపత్రం కూడా నిలిచిపోయింది. పోయిన మనిషి పోయినట్టు తేలేదాకా, ఆయన సొంతంగా వచ్చి సంతకం చేస్తే తప్ప ఆస్తి పంచడం కుదరదని వారసులకు నోటీసు ఇచ్చారు.

సన్యాసిరావుకి ఇవన్నీ కాగితాల మీదే తెలిశాయి. మనుషులు కనిపించింది సూరమ్మ వచ్చినప్పుడే.

సూరమ్మ చేపల మార్కెట్లో తట్ట పెట్టుకుని అమ్ముకునే మనిషి. వెనక ఆమె కూతురు పైడిరత్నం ఉంది. పదిహేడేళ్లుంటాయి. చేతిలో ఒక కవరు పట్టుకుని గుమ్మం బయటే నిలబడింది.

"బాబూ, పిల్లకి నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. తమరు రాసిచ్చిన కాయితం ఆసుపత్రికి ఒట్టుకెల్తే, సెల్లదన్నారు. తమరి సంతకం మీద ఏటో అనుమానం ఉన్నాదట."

"అవునమ్మా. ఉత్తర్వు వచ్చింది."

"కాయితంలో తప్పు రాసినారా?"

"లేదమ్మా. మీ అమ్మాయి పుట్టింది నిజం, తేదీ నిజం. నేను స్వయంగా చూసి రాశాను."

"మరేటయ్యింది?"

సన్యాసిరావు ముందున్న రిజిస్టరు మూశాడు. "ఒక సినిమా అర్థం కాలేదమ్మా," అన్నాడు.

సూరమ్మ ఆయన్ని తేరిపార చూసింది. పెద్ద ఉద్యోగస్తులు హాస్యమాడతారని ఆమె విన్నది, కానీ ఈయన మొహంలో హాస్యం లేదు. "రెండు వారాల్లో, సోమారానికల్లా ఇయ్యాలట. నేకపోతే సీటు ఇంకొకలకి ఎల్లిపోద్దట," అంది. పైడిరత్నం ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు కవరు మీద చెమట అంటిందని పైటతో తుడుచుకుంది.

ఆ రోజు భోజనం దగ్గర సన్యాసిరావు భార్యతో, "రేపు వెళ్లి అర్థమైందని రాసిచ్చేస్తాను," అన్నాడు.

"మొదటే రాయవలసింది," అంది వరహాలమ్మ. "అయినా అర్థం కాకపోవడానికి ఏముంది? ఆ హీరో స్నేహితుడే కదండీ దొంగ. మధ్యలో కనపడకుండా పోయాడు చూడండి, పటం పట్టుకుని పారిపోయాడన్నమాట. మ్యాట్నీకి మా వీధి ఆడవాళ్లం పదకొండు మందిమి వెళ్లాం, పదకొండు మందికీ తెలిసింది."

"అతను సముద్రంలో పడి చచ్చిపోయాడు కదా. హీరోని కాపాడి."

"ఎవరూ సముద్రంలో పడలేదు. మీరు నిద్రపోయి కల కన్నారు," అంది వరహాలమ్మ. ఇంకో గరిటె అన్నం వేసింది.

మర్నాడు సన్యాసిరావు ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఒక అబద్ధం రాసి, "పూర్తిగా అవును" అని ఉంచి, నమూనా పైకి పంపాడు. అది గంటలో తిరిగివచ్చింది. "అవగాహన ఆలస్యముగా కలిగినందుకు సంతోషము. అయితే నిర్ధారణార్థము కథాసారమును ఒక పుటకు మించకుండా సమర్పించవలెను" అని దాని మీద త్రిపురాంతకం గారి చేతిరాత ఉంది.

కథాసారం తెలుసుకుందామని సన్యాసిరావు విభాగాల్లో తిరిగాడు. జననాల విభాగంలో అందరూ స్నేహితుడే ద్రోహి అన్నారు. భూముల విభాగం వారు ఉపసంచాలకులు గారితో ఏకీభవించి, హీరోయే ద్రోహి అన్నారు. మరణాల విభాగం వారు మాత్రం తలుపు దగ్గరికి వేసి, చీఫే ద్రోహి అని చెప్పారు. శత్రువుతో చీఫ్ మాట్లాడిన మాటలు టేపులో ఉన్నాయి, తమ చెవులతో విన్నామన్నారు.

"ఆ టేపు దొంగదని తర్వాత తేలింది కదండి," అన్నాడు సన్యాసిరావు.

"తేలలేదు," అన్నారు వాళ్లు ఏడుగురూ.

ఈ వాకబు మూలంగా ఒక నష్టం జరిగింది. అప్పటిదాకా తమకు తెలిసిందే అందరికీ తెలుసనుకుంటున్న విభాగాలు ఒకరి అభిప్రాయం ఒకరు విన్నాయి. చీఫ్ ద్రోహి అనడం పై అధికారుల పట్ల అవిధేయతను సూచిస్తోందని త్రిపురాంతకం గారు మరణాల విభాగం మొత్తానికి సంజాయిషీ మెమోలు ఇచ్చారు. ఎదుటనున్న ద్రోహిని గుర్తించలేనివారు సంతకాన్ని ఎలా గుర్తిస్తారని, భూముల విభాగం నుంచి వచ్చిన కాగితాలను జననాల విభాగం వెనక్కి తిప్పి పంపింది. టీ తాగడానికి మూడు విభాగాలు మూడు వేళల్లో వెళ్లసాగాయి. వారం రోజుల్లో కార్యాలయం నుంచి ఒక్క నకలు బయటికి వెళ్లలేదు.

సన్యాసిరావు సగం రోజు సెలవు పెట్టి, జయభేరి టాకీసుకి మ్యాట్నీకి వెళ్లాడు. జేబులో చిన్న పుస్తకం, పెన్సిలు పెట్టుకున్నాడు.

ఈసారి సినిమా అర్థమైంది. స్నేహితుడు సగంలో మాయమయ్యాడు, పటమూ మాయమైంది, అంతా ఒకదాని వెనక ఒకటి చక్కగా అమరింది. ఆయనకు గుండె తేలికపడింది. పుస్తకంలో కథాసారం రాసుకున్నాడు, అది ఒక పుటలో సరిపోయింది. ఇక లేచి వెళ్లిపోవచ్చు. కానీ ఇరవై రెండేళ్లు రిజిస్టర్లు తిప్పిన మనిషి. నలభై రెండో పుట తర్వాత నలభై నాలుగు వస్తే ఆయన వేళ్లకే తెలిసిపోతుంది. సముద్రం లేదు. మొదటిసారి సముద్రం ఉంది.

జనం వెళ్లిపోయాక మెట్లెక్కి ఆపరేటరు గదికి వెళ్లాడు. ఆపరేటరు జోగులు, యాభై ఏళ్ల మనిషి, రీలు చుడుతున్నాడు.

"బాబూ, ఈ సినిమాలో ఒకతను సముద్రంలో పడతాడు. ఇవాళ పడలేదేం?"

"తమరు మ్యాట్నీ సూసినారు కదండి. మ్యాట్నీలో పడడు," అన్నాడు జోగులు, అదేమీ కొత్త సంగతి కానట్టు. "పడేది తొమ్మిదో రీల్లోనండి. మ్యాట్నీకి తొమ్మిదోది ఎయ్యను."

"ఎందుకని?"

"పద్దెనిమిది రీల్ల బొమ్మండి. అన్నీ ఏత్తే రోజుకి నాలుగాటలు పట్టవు. ఓ రీలు తీసెయ్యమన్నారు ఓనరు గారు. రోజూ ఒకటే రీలు తీసేత్తే, ఆ రీల్లో కట్టపడి ఏసం కట్టినోడికి అన్యాయం కదండి. అందుకని పొద్దుటాటకి రెండోది, మ్యాట్నీకి తొమ్మిదోది, పస్టు సోకి పన్నెండోది, సెకండు సోకి పదిహేనోది పక్కనెట్టెత్తాను. అందరికీ సమానం."

"పన్నెండో దాంట్లో ఏముంది?"

"లైటుహౌసండి. ఈరోని దొంగ పటం ఇచ్చి రమ్మని సీపు సెప్తాడు."

"పదిహేను?"

"టేపు దొంగదని తేలేది అందులోనే."

"నేను మొదటి రోజు పొద్దుటాట చూశాను. సముద్రం చూశాను, లైటుహౌసు చూశాను, టేపూ చూశాను."

జోగులు చేతిలో రీలు ఆపాడు. "ఆ ఒక్కాటా పద్దెనిమిదీ ఏసినానండి. బొమ్మ పంచే కంపినీ మడిసి వచ్చి ఎనక కూకున్నాడు మరి. మొత్తం బొమ్మ ఈ ఊల్లో ఆ ఆటకి వచ్చినోలే సూసినారు." మొహమాటంగా అడిగాడు. "ఏటండి, మొత్తం సూత్తే ఎలగుంది? నాను మిసను కాడుంటాను, సరిగ్గా సూణ్ణేదు."

"అర్థం కాలేదు," అన్నాడు సన్యాసిరావు.

మెట్లు దిగుతుంటే ఆయనకు నవ్వు రాలేదు. ఇప్పుడు చేతిలో ఒక పుట కథాసారం ఉంది. ఇచ్చేస్తే సోమవారంలోగా పైడిరత్నం కాగితం బయటపడుతుందేమో. కానీ అది మ్యాట్నీ కథ. త్రిపురాంతకం గారిది ఫస్టు షో. ఇస్తే స్నేహితుణ్ణి ద్రోహి అన్నందుకు ఇంకో మెమో వస్తుంది. హీరోయే ద్రోహి అని రాద్దామా అంటే లైటుహౌసు కళ్ల ముందుంది. ఇంటికి చేరేసరికి ఆయన ఏదీ తేల్చుకోలేదు.

తేల్చుకోవలసిన అవసరం కూడా పడలేదు. తొమ్మిదో తరగతి గురించి హెడ్మాస్టరు గారు రాసిన ఉత్తరం ముఖ్య కార్యాలయానికి చేరింది. బుధవారం ఉదయం విచారణాధికారి కమలనాభం గారు దిగారు. పొట్టిగా, తెల్ల చొక్కాతో, ఎవరి మాట విన్నా తల ఊపే మనిషి. ఎవరి సాక్ష్యం విన్నా ఒకే సైజు అక్షరాలతో రాసుకునేవారు.

జననాల విభాగం స్నేహితుడి మీద సాక్ష్యమిచ్చింది. భూముల విభాగం హీరో మీద, మరణాల విభాగం చీఫ్ మీద ఇచ్చాయి. త్రిపురాంతకం గారు పన్నెండు పుటల లిఖిత వాంగ్మూలం సమర్పించి, అందులో క్రమశిక్షణ అన్న మాట పంతొమ్మిది చోట్ల గీత గీశారు. చివర్న సన్యాసిరావు వంతు వచ్చింది. ఆయన జోగులు చెప్పింది చెప్పాడు. జోగుల్ని పిలిపించారు. జోగులు ఏ ఆటకి ఏ రీలు తీస్తాడో ఒట్టేసి చెప్పి, తన మీద కేసు పెడితే కనీసం నాలుగు రీళ్లకీ సమానంగా పెట్టమని కోరాడు.

కమలనాభం గారు రాసుకున్నవన్నీ మొదటినుంచి ఒకసారి తిరగేశారు.

"అంటే, మొత్తం చిత్రం చూసినది మీరొక్కరే," అన్నారు కమలనాభం గారు.

"ఆఫీసులో అవునండి."

"మొత్తం చూసినవారి దృష్టిలో ద్రోహి ఎవరు?"

"ఎవరూ కాదండి. స్నేహితుడి మీద అనుమానం వస్తుంది, తొమ్మిదో రీల్లో పోతుంది. హీరో మీద వస్తుంది, పన్నెండో రీలు చూసుంటే నిలవదు. చీఫ్ మీద వస్తుంది, పదిహేనులో పోతుంది. ఎవరి తప్పూ లేదండి. కానీ అసలు పటం మాత్రం శత్రువుల దగ్గరికి వెళ్లిపోయింది. ఎలా వెళ్లిందో అదే నాకు అర్థం కాలేదు."

కమలనాభం గారు కలం కింద పెట్టారు. "ఇరవై ఆరేళ్లుగా శాఖాపరమైన విచారణలు చేస్తున్నాను," అన్నారు. "నా నివేదికలన్నీ ఇలాగే ముగిశాయి." తర్వాత కలం తీసుకుని, ఆ మాట రికార్డు చేయవద్దని తనకు తానే ఆదేశించుకున్నారు.

గురువారం నివేదిక వచ్చింది. నలభై ఒక్కమంది ఉద్యోగులకూ చూపిన మేరకు పూర్తిగా అర్థమైనట్లు తేలిందనీ, వారి అవగాహన ప్రశంసనీయమనీ అందులో మొదటి పేరాలో ఉంది. రెండో పేరాలో, శ్రీ సన్యాసిరావు అవసరమునకు మించి ఒక రీలు వీక్షించినారనీ, వారి అవగాహనాలోపమునకు సదరు అదనపు రీలే ఏకైక కారణమనీ, ఇకమీదట ఏ విషయమునైనను అవసరమైనంత మేరకే చూడవలసినదిగా వారిని హెచ్చరించడమైనదనీ ఉంది. ఆయన పాత సంతకాల మాటేమిటో నివేదికలో లేదు. ఆ విషయం ఉపసంచాలకులు గారి పరిశీలనకు వదిలారు. ఉపసంచాలకులు గారు దాన్ని పరిశీలనలో ఉంచారు.

త్రిపురాంతకం గారిని నివేదికలో మరో అంశం ఆకర్షించింది. ఒక భాగం తీసేస్తే అందరికీ అర్థమైంది, తీయనిచోట అర్థం కాలేదు. ఇది పాలనకు పనికొచ్చే సూత్రమని ఆయనకు తోచింది. శుక్రవారం పదకొండు గంటలకు సర్క్యులరు వచ్చింది.

"దస్త్రములు త్వరితగతిన అర్థమగుటకు వీలుగా, ఏడు పుటలు మించిన ప్రతి దస్త్రము నుండి ఒక పుటను తొలగించిన పిమ్మట మాత్రమే అధికారుల సంతకమునకు సమర్పించవలెను. ఏ పుటను తొలగించవలెనో నిర్ణయించు బాధ్యత, దస్త్రములను మొత్తముగా చదువు అలవాటు గల శ్రీ సన్యాసిరావునకు అప్పగించడమైనది. ఇది తక్షణము అమలులోనికి వచ్చును."

సన్యాసిరావు ఆ సర్క్యులరుని మూడుసార్లు చదివాడు. తర్వాత బీరువా తీసి పైడిరత్నం దస్త్రం బయటికి తీశాడు. పుటలు లెక్కపెట్టాడు. దరఖాస్తు, మూల రిజిస్టరు నకలు, బడి పత్రం, ఆసుపత్రి వారి ఉత్తరం, సూరమ్మ వేలిముద్ర వేసిన అఫిడవిట్టు, ఇద్దరు సాక్షుల కాగితాలు. ఏడు. ఎనిమిదోది ఆయన సంతకాలను అనుమానాస్పదంగా పరిగణించాలన్న ఉత్తర్వు ప్రతి.

ఆయన ఆ ఎనిమిది కాగితాలూ బల్ల మీద వరసగా పరిచి చాలాసేపు చూశాడు. ఒక నమూనాలో ఒక్క గీత అబద్ధంగా కొట్టడానికి మొదట చెయ్యి రాని మనిషి. ఇప్పుడు కొట్టమన్నదే ఉత్తర్వు. ఏది కొట్టాలో మాత్రం అందులో రాయలేదు. ఎనిమిదో పుట దారం విప్పి బయటికి తీశాడు. మిగతా ఏడూ మళ్లీ కట్టి, లేచి, చొక్కా సరిచేసుకుని, భుజంగరావు గారి ద్వారా పంపకుండా తానే పట్టుకుని వెళ్లాడు.

త్రిపురాంతకం గారు దస్త్రం తిరగేశారు. మొదటి పుట నుంచి ఏడో పుట దాకా కళ్లజోడు సర్దుకుంటూ చదివారు. ఎక్కడా ఆగలేదు.

"ఈ అమ్మాయి పుట్టింది. దానికి ఆధారం ఉంది. ఆసుపత్రికి నకలు కావాలి. అంతేనా?"

"అంతేనండి."

"ఇంత సరళమైన విషయం ఇన్ని రోజులు ఎందుకు ఆగింది?"

త్రిపురాంతకం గారు జవాబు కోసం ఆగలేదు. సంతకం పెట్టి, కింద తేదీ వేసి, రబ్బరు స్టాంపు స్వయంగా వేశారు.

"నా విధానం ఫలిస్తోంది," అన్నారు. "మిగతావి కూడా ఇలాగే తీసుకురండి."

పన్నెండున్నరకి సూరమ్మా, పైడిరత్నమూ వచ్చి కాగితం తీసుకున్నారు. పైడిరత్నం దాన్ని అక్కడే నిలబడి మొదటినుంచి చివరిదాకా చదువుకుని, "ఇది సెల్లుతుందాండి?" అని అడిగింది. ఆ గదిలో ఆ అమ్మాయి మాట్లాడటం అదే మొదటిసారి.

"చెల్లుతుందమ్మా. ఉపసంచాలకులు గారి సంతకం."

"బొమ్మ అర్థమయ్యిందేటి బాబూ మరి?" అంది సూరమ్మ.

"లేదమ్మా."

సూరమ్మ తల ఊపింది. ఆసుపత్రికి వెళ్లే పన్నెండో నంబరు బస్సు వస్తోందని తల్లీకూతుళ్లు గబగబా వెళ్లిపోయారు.

మధ్యాహ్నం నుంచి సన్యాసిరావు తొమ్మిదో తరగతి దస్త్రాలు ఒక్కొక్కటే తీశాడు. తర్వాత పోయినా పోనట్టు ఉన్న పెద్దమనిషి దస్త్రం, ఆ తర్వాత మిగతావి. ఒక్కోదాంట్లోంచి ఒక్కో పుట తీసి, పైకి తీసుకెళ్లి, సంతకంతో కిందికి తెచ్చాడు. అయిదింటికల్లా నలభై మూడు దస్త్రాలు తేలాయి. కార్యాలయంలో ఒక్కరోజులో అన్ని తేలడం అదే మొదలని భుజంగరావు గారు అన్నారు.

తీసిన పుటల్ని పారేయమని సర్క్యులరులో లేదు. సన్యాసిరావు ఒక కొత్త రిజిస్టరు తెరిచి, గీతలు గీసి, ఏ దస్త్రంలోంచి ఏ పుట, ఏ తేదీన తీశాడో నలభై మూడు వరసల్లో రాశాడు. పుటలన్నీ ఒక కట్టగా కట్టి బీరువాలో పెట్టాడు. రిజిస్టరు కింద సరిచూడడమైనదని రాసి, సంతకం పెట్టి, తాళం వేసుకుని ఇంటికి వెళ్లాడు.